ఉందనీ చెప్పం, లేదనీ చెప్పం

మా తోడికోడలికి ఎవరి గొంతు కావాలంటే వాళ్ళ గొంతు వస్తుంది. నేను కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో ఒకసారి వంటింట్లోంచి మా అత్తగారు, "ఒరేయ్, ఎన్నిసార్లు పిలవాలిరా, భోజనం చల్లారిపోతోంది" అని కేకేస్తే మా ఆయన చేతులు కడుక్కుని వచ్చి బల్ల ముందు కూర్చున్నాడు. తీరా చూస్తే అత్తగారు మేడ మీద బట్టలు ఆరేస్తోంది. పొయ్యి ఇంకా వెలిగించనేలేదు. పిలిచింది మా తోడికోడలు. కిందికి దిగి వచ్చిన అత్తగారు సంగతి తెలిసి, తిట్టాలో నవ్వాలో అర్థంకాక ఖాళీ బకెట్ పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

బావగారి భార్య కాబట్టి నేను ఆవిడని అక్కా అంటాను. సొంత అక్కతో కూడా నేనంత చనువుగా పోట్లాడలేదు. అప్పట్లో అక్క బస్టాండులో మైకు ముందు కూర్చుని వచ్చే బస్సులూ పోయే బస్సులూ చదివేది. ఆ అద్దాల గదిలోంచి ఆవిడకి ఒక రకం ఆడవాళ్ళు కనిపించేవాళ్ళు. చేతిలో సంచి, పక్కన పిల్ల, పొద్దుటినుంచి ఒకే బెంచీ మీద కూర్చుంటారు, ఏ బస్సూ ఎక్కరు. ఎక్కడికి వెళ్ళాలో తెలిస్తే కదా ఎక్కడానికి! డ్యూటీ దిగాక అక్క వెళ్ళి వాళ్ళ పక్కన కూర్చునేది. అలా ఒక్కొక్కరినీ తీసుకెళ్ళి మా సంస్థ గుమ్మంలో దింపీ దింపీ, చివరికి సంస్థవాళ్ళే, "ఏవమ్మా, నువ్వే ఇక్కడ ఉద్యోగం చెయ్యరాదూ?" అన్నారు. ఆవిడ చేరింది. కొన్నాళ్ళకి నన్నూ లాక్కొచ్చి టీలు పెట్టడానికీ, ఫోన్లు ఎత్తడానికీ కూర్చోబెట్టింది. నా కడుపులో మాట దాగదు. కోపం అసలే దాగదు. అలాంటిదాన్ని తెచ్చి రహస్యాలున్న చోట పెట్టింది చూడండి, ఆవిడ ధైర్యానికి దండం పెట్టాలి.

మాది ఇళ్ళలో దెబ్బలు తిని బయటికొచ్చిన ఆడవాళ్ళు పిల్లలతో సహా తలదాచుకునే సంస్థ. ఆఫీసు బజారులో గడియారాల షాపు పైన ఉంటుంది. దానికి బోర్డు ఉంది, ఎవరైనా రావచ్చు. ఆడవాళ్ళు ఉండే ఇల్లు వేరు. అది ఎక్కడుందో జీతం తీసుకునే మా నలుగురికే తెలుసు. జీతం లేకుండా సంస్థ బాగోగులు చూసే బోర్డు మెంబర్లకి కూడా చెప్పం. అడిగితే నొచ్చుకున్నా సరే, చెప్పం.

ఏడాదికోసారి కొత్త మెంబర్లు వస్తారు. వాళ్ళకి ఒకరోజు ఓరియెంటేషన్ ఉంటుంది. పొద్దున ప్రెసిడెంటుగారు నిబంధనలూ లెక్కలూ చదువుతారు. అందరూ తలూపుతారు, ఎవరూ వినరు. మధ్యాహ్నం మాత్రం అక్కది. దాన్ని మేం 'తలుపు ఆట' అంటాం. కొత్త మెంబరు ఆఫీసు ముందు బల్ల దగ్గర కూర్చోవాలి. అక్క బయటికెళ్ళి తలుపు కొట్టి లోపలికొస్తుంది. ఒకసారి పసిబిడ్డ ఏడుస్తోందని ప్రాధేయపడే తండ్రి. ఒకసారి నల్లకోటు లాయరు. ఒకసారి తల్లి. ఎవరొచ్చినా అడిగేది ఒకటే: 'ఆవిడ ఇక్కడుందా?' దానికి మెంబరు చెప్పాల్సిందీ ఒకటే: 'ఉన్నారనీ చెప్పం, లేరనీ చెప్పం. ఎవరి గురించైనా ఇంతేనండి.'

"లేనివాళ్ళని లేరని చెప్తే ఏం పోయింది?" అని ప్రతి ఏడూ ఎవరో ఒకరు అడుగుతారు. పోయింది కాబట్టే ఈ ఆట పుట్టింది. పూర్వం ఒక పెద్దాయన, చాలా మంచివాడు, వచ్చినవాళ్ళందరికీ, "లేదు నాయనా, ఆ పేరుగలవాళ్ళు లేరు" అని చెప్పి పంపేవాడు. ఒకడికి మాత్రం, "మేం చెప్పకూడదు" అన్నాడు. వాడికి అంతకంటే ఏం కావాలి? ఉందని తెలిసిపోయింది. ఆఫీసు ఎదురుగా మకాం పెట్టి, మా వెనకాలే నడిచి, ఆడవాళ్ళుండే ఇంటి వీధి దాకా వచ్చాడు. ఆ అమ్మాయిని రాత్రికి రాత్రి వేరే ఊరు పంపాల్సి వచ్చింది. అప్పటినుంచి అక్క ఈ ఒక్క వాక్యాన్నీ నిద్రలో కూడా పలికేలా కొత్త మెంబర్లని తయారుచేస్తోంది.

తలుపు ఆటలో అందరూ ఓడిపోయే పాత్ర ఒకటుంది, అత్తగారి పాత్ర. అక్క దానికి అచ్చంగా మా అత్తగారి గొంతే వాడేది. ఆ దగ్గూ, ఆ "అమ్మా, తల్లీ" అనడమూ, మధ్యలో మోకాళ్ళ నొప్పి ఊసూ! ఎంత గట్టి మనిషైనా కరిగిపోయి "లేదమ్మా" అనేసేవాళ్ళు. ఇంటికొచ్చి ఆ సంగతి చెబితే మా అత్తగారు, "నా గొంతు అద్దెకిచ్చినందుకు నాకేమైనా ఇస్తారటా?" అని వేళాకోళమాడేది. ఆవిడ పోయిన ఏడు చనిపోయింది. చనిపోయాక వచ్చిన మొదటి ఓరియెంటేషన్ ఇది.

ఈసారి వచ్చినవాళ్ళలో ఇనుప సామాన్ల షాపాయన ఒకడు. ఆయన నోరు పెద్దది, మనసు వెన్న. పసిబిడ్డ తండ్రిగా అక్క వచ్చి ఒక్కసారి ముక్కు చీదిందో లేదో, "అయ్యో, మీ ఆవిడ ఇక్కడ లేదు నాన్నా, కావాలంటే పాలపొడి తెప్పిస్తాను" అనేశాడు. అందరం నవ్వాం. తర్వాత పళ్ళ డాక్టరమ్మ వచ్చి బల్ల దగ్గర కూర్చుంది. పొడుగు మనిషి, కళ్ళజోడు గొలుసుతో మెళ్ళో వేలాడుతూ ఉంటుంది. పొద్దున పరిచయాల్లో, మీరెందుకొచ్చారని అడిగితే ఆవిడ, "పళ్ళు విరిగి వచ్చిన ఆడవాళ్ళు తలుపు తగిలిందంటారండీ. ఇన్నేళ్ళుగా వింటున్నాను. తలుపులన్నీ ఆడవాళ్ళ పళ్ళకే ఎందుకు తగులుతున్నాయో కనుక్కుందామని వచ్చాను" అంది. ఆ మాటకి నేను ఆవిడకి రెండో టీ అడక్కుండానే ఇచ్చాను.

అక్క బయటికెళ్ళింది. తలుపు కొట్టడానికి చాలాసేపు పట్టింది. లోపలికొచ్చాక చూస్తే ఆ గొంతు మా అత్తగారిది కాదు. ఎవరిదో కొత్త గొంతు.

"అమ్మా, నా కోడలి మీద నాకేం కోపం లేదమ్మా. పసిదాని కోసం వచ్చాను. దానికి జడ వెయ్యడం ఎవరివల్లా కాదు. దువ్వెన చూస్తే చాలు, బల్ల కింద దూరుతుంది. నేను రైలు నడిపితేనే కూర్చుంటుంది. ఉల్లిపాయ స్టేషన్ వచ్చిందీ, దిగేవాళ్ళు దిగండీ. బంగాళాదుంప స్టేషన్ వచ్చిందీ, ఎక్కేవాళ్ళు ఎక్కండీ. ఒక్కో పాయకీ ఒక్కో స్టేషను. ఇప్పుడు అక్కడెవరు నడుపుతున్నారమ్మా ఆ రైలు?"

ఇనుప షాపాయన కళ్ళు తుడుచుకుంటున్నాడు. డాక్టరమ్మ మాత్రం అక్క మొహంలోకి అదోలా చూస్తూ, మెల్లిగా అడిగింది. "టమాటా స్టేషన్లో రైలు చాలాసేపు ఆగుతుంది కదా. ఎందుకాగుతుంది?"

అక్క ఆటలో మునిగిపోయి ఉంది. తడుముకోకుండా, "ఇంజనుకి దాహమేస్తుంది కదమ్మా, టమాటా రసం తాగుతుంది" అంది.

అందరూ చప్పట్లు కొట్టారు. డాక్టరమ్మ కొట్టలేదు. చెప్పాల్సిన వాక్యమూ చెప్పలేదు. లేచి, "ఒంట్లో బాగోలేదండీ, వెళ్తాను" అని చేతిసంచి తీసుకుని, మెట్ల దగ్గర గోడ పట్టుకుని దిగి వెళ్ళిపోయింది. పాపం, బీపీ ఏమో అనుకున్నారంతా.

అందరూ వెళ్ళాక నేను కప్పులు కడుగుతుంటే అక్క వచ్చి గిన్నెల పక్కన నేల మీద కూలబడింది.

"ఏమైందే అక్కా?"

"ఆ రైలు మన పిట్టది."

పిట్ట అని మేం పిలిచే పాప వాళ్ళమ్మతో మా సంస్థ ఇంట్లో ఉంటోంది. వాళ్ళమ్మ కేకుల మీద పేర్లు రాయడం నేర్చుకుంటోంది కాబట్టి ఆవిడ కేకులమ్మాయి. ఇల్లు వదిలి వచ్చేటప్పుడు ఆవిడ మణికట్టు విరిగి ఉంది. విరిచిన మొగుడు, 'ఈసారి పిల్లని నీకు కనబడని చోటుకి తీసుకుపోతా' అని కూడా చెప్పి మరీ విరిచాడు. పిట్టకి జడ వేసేటప్పుడు మేమంతా ఆ రైలు నడుపుతాం. దాహమేసే ఇంజను సంగతి పిట్టే మాకు నేర్పింది.

"ప్రపంచంలో ఇంకెవరూ పిల్లలకి రైలాట ఆడించరా? కాకతాళీయం అయ్యుంటుంది" అన్నాను.

"రైలు ఎవరైనా ఆడిస్తారు. టమాటా స్టేషన్లో ఎందుకాగుతుందని ఎవరడుగుతారే? నేను టమాటా అననే లేదు. ఆవిడే అంది. జవాబు తెలిసి అడిగింది."

నాకు ఒళ్ళు మండిపోయింది. "నీకు వెయ్యి గొంతులు వచ్చు కదా! ఆ అత్తగారే దొరికిందా? మన అత్తగారికేమొచ్చింది?"

"రాలేదే" అంది అక్క. "బయట నిలబడి ప్రయత్నించాను. నోరు తెరిస్తే ఏడుపొస్తోంది. ఆవిడ గొంతు నాలోంచి వస్తే ఆవిడ బతికున్నట్టే అనిపించింది. తలుపు కొట్టాలి, లోపల అందరూ చూస్తున్నారు. కేకులమ్మాయి వాళ్ళత్తగారి గురించి చెప్పిన మాటలు నాలిక మీదికొచ్చేశాయి." అలా అని మోకాళ్ళ మీద తల పెట్టుకుంది. ఇంకేం తిడతాను? పక్కనే కూర్చున్నాను.

కూర్చోవడం నాకు చేతకాదు. లేచి ఫోన్ తీశాను. డాక్టరమ్మకి ఫోన్ చేసి, తల్లీ, ఎవరికీ చెప్పకండి, మీ కాళ్ళు పట్టుకుంటాను అని చెబుదామని. అక్క పరుగున వచ్చి ఫోన్ లాక్కుంది.

"చెప్పకండి అంటే ఏమిటి అర్థం? ఉందనే కదా! ఇప్పటిదాకా ఆవిడకున్నది అనుమానం. నువ్వు ఫోన్ చేస్తే నిజమైపోతుంది."

మా వాక్యం మా మెడకే చుట్టుకుంది. బతిమాలడానికి లేదు, దబాయించడానికి లేదు, కనీసం క్షమించమని అడగడానికి కూడా లేదు. ప్రెసిడెంటుగారికి చెప్తే ఆవిడ అటునుంచి, "రేపే వేరే ఊరు పంపేయండి" అంది. కానీ మా దగ్గర ఉండాలో కదలాలో నిర్ణయం ఆ ఆడమనిషిదే. కేకులమ్మాయికి చెప్పాలి. చెప్పాల్సింది అక్క.

ఆ సాయంత్రం వాళ్ళుండే ఇంటికి తిన్నగా వెళ్ళలేదు. ఒక బస్సు ఎక్కి మధ్యలో దిగి, ఇంకోటెక్కి, కూరగాయల మార్కెట్లో అటు దూరి ఇటు తేలి వెళ్ళాం. ఎవరైనా వెనకాల వస్తున్నారేమోనని నేను తిరిగి చూస్తుంటే అక్క నా మోచెయ్యి గిల్లుతోంది. వెనక్కి తిరిగి చూసేవాళ్ళ వెనకాలే మనుషులు పడతారని ఆవిడ లెక్క.

కేకులమ్మాయి వంటింట్లో బోర్లించిన పళ్ళెం మీద క్రీముతో అక్షరాలు రాస్తోంది. వచ్చే సోమవారం బేకరీలో పనికి చేరాలి. లోపల వంటగదిలో పని, ఎవరికీ కనబడక్కర్లేదు. ఆ పని దొరికిన రోజు ఆవిడ గంతులేసింది. పిట్ట పక్కన కూర్చుని కదులుతున్న పై పన్నుని నాలికతో ఆడించుకుంటోంది. అక్క పిల్లని నాతో బయటికి పంపబోతే, కేకులమ్మాయే, "ఫరవాలేదు పెద్దక్కా, చెప్పండి" అంది. ఆ ఇంట్లో అక్కని పెద్దక్క అనీ, నన్ను చిన్నక్క అనీ అంటారు.

అక్క దాచకుండా, మెరుగులు దిద్దకుండా అంతా చెప్పింది. నా తప్పు, నా నోటి తప్పు అంది. కేకులమ్మాయి క్రీము గొట్టం పక్కన పెట్టింది.

"పొడుగ్గా ఉంటారా? కళ్ళజోడుకి గొలుసు?"

"అవును."

"మా అత్తయ్యకి సొంత అక్క. పెద్దత్తయ్య. వాళ్ళ చిన్నప్పుడు వాళ్ళమ్మ ఆ రైలు నడిపేదట ఇద్దరికీ."

అందుకే మా కాగితాల్లో ఏదీ పట్టుబడలేదు. చెల్లెలి అత్తవారింటి పేరు వేరు, డాక్టరమ్మ అత్తవారింటి పేరు వేరు. ఎవరు మాత్రం ఏం కనిపెడతారు?

"ఆవిడ చెప్పేస్తుందా?" అని నేనుండబట్టలేక అడిగేశాను.

"పెద్దత్తయ్య సంగతి నాకు తెలీదు చిన్నక్కా. చెల్లెలంటే ప్రాణం. అత్తయ్య కూడా మంచిదే. కానీ ఆవిడ చెవిలో పడ్డ మాట సాయంత్రానికి కొడుకు చెవిలో ఉంటుంది. కావాలని కాదు. వాడు కళ్ళెర్రజేస్తే ఆవిడకి మాట ఆగదు, ఎవరికి మాత్రం ఆగుతుంది?" అని తన మణికట్టు చూసుకుంది.

"వేరే ఊళ్ళో మనవాళ్ళ ఇల్లుంది, రేపే బయల్దేరొచ్చు" అంది అక్క.

కేకులమ్మాయి పళ్ళెం మీది అక్షరాలని వేలితో ఒక్కొక్కటే తుడిచేసింది. "మళ్ళీ కొత్త ఊరు. మళ్ళీ దీనికి కొత్త బడి. ఈ పని పోతుంది. వాడు కాలు కదపకుండానే నన్ను తరిమినట్టవుతుంది పెద్దక్కా. పెద్దత్తయ్య మళ్ళీ ఆఫీసుకి ఎప్పుడు రావాలి?"

ఓరియెంటేషన్ అయ్యాక ప్రతి కొత్త మెంబరూ ఒక మధ్యాహ్నం ముందు బల్ల దగ్గర నిజంగా కూర్చోవాలి. అదీ అక్క పెట్టిన పద్ధతే. డాక్టరమ్మ వంతు గురువారం.

"గురువారం ఆవిడ వస్తే ఉంటాను. రాకపోతే చెప్పేసి మొహం చాటేసినట్టే. అప్పుడు వెళ్ళిపోతాను" అంది. బట్టల సంచి సర్ది తలుపు పక్కన పెట్టింది. "ఎక్కడికెళ్తున్నాం?" అని పిట్ట అడిగితే, "ఎక్కడికీ కాదు, సర్దడం ప్రాక్టీసు" అంది.

గురువారం దాకా మేం బతికిన బతుకు పగవాళ్ళకి కూడా వద్దు. పిట్టని బడికి పంపలేదు. ఆఫీసు మెట్ల మీద అడుగుల చప్పుడైతే పరుగెత్తి తలుపు దగ్గర నిలబడేదాన్ని. తీరా చూస్తే గడియారం బాగుచేయించుకోవడానికి వచ్చి దారి తప్పినవాడు. వాడిని ఊరికే తిట్టాను కూడా. ఆఫీసు ఎదురుగా ఎవడైనా మోటారుసైకిలు ఆపితే కిటికీలోంచి వాడి పుట్టుపూర్వోత్తరాలు చదివేదాన్ని. ఇక అక్క తిండి మానేసింది, కబుర్లు మానేసింది. బావగారు ఫోన్ చేసి, "మీ అక్క ఎవరి గొంతూ తియ్యడం లేదు, తన గొంతు కూడా సరిగ్గా రావడం లేదు, ఏమిటమ్మా సంగతి?" అని అడిగాడు. ఏమని చెప్పను? చెప్పకూడదు కదా. నా మొగుడికి చెప్పకూడదు, బావగారికి చెప్పకూడదు. నా కడుపు ఉబ్బిపోయింది.

గురువారం పొద్దున నేనే పిట్టకి జడ వేశాను. ఉల్లిపాయ స్టేషను దాటేటప్పటికి పన్ను ఊడి దాని ఒళ్ళో పడింది. ఏడవలేదు. చొక్కాకి తుడిచి నా చేతిలో పెట్టింది. "మాకు సర్దడం ప్రాక్టీసు కదా, ఇక్కడైతే పోతుంది. నువ్వు దాచు చిన్నక్కా" అంది. కాగితంలో చుట్టి నా చేతిసంచి లోపలి అరలో పెట్టుకున్నాను.

మధ్యాహ్నం అనుకున్న వేళకి డాక్టరమ్మ రాలేదు. అక్క గోడ గడియారం వైపు చూడకుండా చూస్తోంది. నేను, "రాదు. అయిపోయింది. వెళ్ళి చెప్పేద్దాం పద" అంటూ చెప్పులు కూడా వేసుకున్నాను. అప్పుడు మెట్ల మీద అడుగులు. డాక్టరమ్మ వచ్చింది. కళ్ళ కింద నల్లగా ఉంది. తిన్నగా వచ్చి ముందు బల్ల దగ్గర కూర్చుని, "ఆ రోజు నా పరీక్ష సగంలో వదిలేసి వెళ్ళిపోయాను. క్షమించాలి" అంది. మేం ఇంకేమీ అడగలేదు. నేను టీ పెట్టాను, సగం సాసరులో పోశాను.

అక్కా నేనూ లోపలి గదిలోకి వచ్చి తెర వెనక కూర్చున్నాం. కాసేపటికి మళ్ళీ అడుగులు. మెల్లిగా, మెట్టు మెట్టుకీ ఆగుతూ. తలుపు తోసుకుని ఒక పెద్దావిడ లోపలికొచ్చింది. మొహం చూడగానే నాకు తెలిసిపోయింది. అదే ముక్కు, అదే పొడుగు. చెప్పేసింది! చెప్పి, తీసుకొచ్చింది! నేను లేవబోతే అక్క నా భుజం నొక్కి పట్టుకుంది.

"అక్కా!" అంది ఆ పెద్దావిడ, నోరు తెరుచుకుని. "నువ్వేంటి ఇక్కడ?"

చెప్పలేదన్నమాట. ఎవరూ చెప్పలేదు. ఆవిడంతట ఆవిడే వచ్చింది. కానీ ఇది ఆట కాదు, ఆవిడ నిజంగానే అడగబోతోంది. జవాబు చెప్పాల్సింది మాత్రం తోడబుట్టినది.

"కూర్చో. ఇక్కడ కొన్నాళ్ళుగా సాయం చేస్తున్నాలే" అంది డాక్టరమ్మ. "ఒక్కదానివే వచ్చావా?"

"వాడు కింద కారులో ఉన్నాడు. ఇలాంటి ఆఫీసులన్నీ తిప్పుతున్నాడు నన్ను. తను వస్తే చెప్పరట, ఆడదాన్ని అడిగితే చెప్తారట."

"కోడలు పుట్టింటికి వెళ్ళిందని కదా నాతో చెప్పావు."

"మరేం చెప్పమంటావక్కా? మా ఇంటి గుట్టు నీ దగ్గర విప్పుకోనా?" అని ఏడ్చింది. "పోనీలే, నువ్వున్నావు, దేవుడే పంపాడు. చెప్పు. నా కోడలు ఇక్కడుందా? పిల్లుందా?"

అక్క వేళ్ళు నా భుజంలో దిగబడ్డాయి. డాక్టరమ్మ రెండు చేతులూ బల్ల మీద పెట్టింది.

"ఉన్నారనీ చెప్పం, లేరనీ చెప్పం. ఎవరి గురించైనా ఇంతే."

"నాతోనా అంటున్నావు ఆ మాట? నీ చెల్లెలినే!"

"తెలుసు."

"అయితే ఉందన్నమాట. లేకపోతే లేదని చెప్పేదానివి కదా. నా దగ్గర నువ్వెప్పుడు అబద్ధమాడావు?"

ఇక్కడే అందరూ పడిపోతారు. ఇన్నేళ్ళలో అక్క వేసిన ఈ ఎత్తుకి తట్టుకున్నవాళ్ళు వేళ్ళ మీద లెక్క. డాక్టరమ్మ ఆగలేదు. "లేకపోయినా ఇదే చెప్తానే. రేపు నువ్వు సంచి పట్టుకుని ఇక్కడికొచ్చావనుకో. వాడొచ్చి, మా అమ్మ ఉందా అని అడిగితే, వాడికీ ఇదే చెప్తాను."

పెద్దావిడ ఏడుపు ఆగిపోయింది. ఏదో అనబోయింది. అంతలో కింద కారు హారన్ మోగింది. ఆ చప్పుడుకి ఆవిడ ఎంత గబుక్కున లేచిందంటే కుర్చీ వెనక్కి పడింది. కొంగు సర్దుకుని, కళ్ళు తుడుచుకుని, ఏడ్చినట్టు కనబడుతోందా అన్నట్టు డాక్టరమ్మ మొహంలోకి చూసింది. గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి తిరగకుండానే, "ఎక్కడున్నా, దానికి జడ కాస్త వదులుగా వెయ్యమను. బిగిస్తే తలనొప్పంటుంది" అని దిగి వెళ్ళిపోయింది.

తెర వెనక మా అక్క ఏడుస్తోంది. నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని, చప్పుడు లేకుండా. తను ఇన్నేళ్ళుగా వేసిన ఏ అత్తగారూ ఇలా వెళ్ళిపోలేదని తర్వాతెప్పుడో అంది. ఆ పాత్ర ఆవిడ మళ్ళీ వెయ్యలేదు.

కారు వెళ్ళిపోయిన చప్పుడు విన్నాకే మేం ముందు గదిలోకి వచ్చాం. డాక్టరమ్మ పడిపోయిన కుర్చీ ఎత్తి నిలబెడుతోంది. "సరిగ్గా చెప్పానా?" అంది.

"సరిగ్గా చెప్పారండి" అంది అక్క.

డాక్టరమ్మ కుర్చీ వీపు వదల్లేదు. కళ్ళజోడు తీసి తుడిచి పెట్టుకుంది, మళ్ళీ తీసింది. "అక్షరాలా నా చేతుల్లో పెరిగింది ఆ పిల్ల. మొదటి పన్ను నేనే చూశాను. ఈపాటికి పై పళ్ళు కదులుతూ ఉండాలి" అంది. ఎవరితోనో తెలీదు. తర్వాత తలెత్తి అక్కని సూటిగా చూసింది. "బాగుందా? ఆ ఒక్కటీ చెప్పండి. ఇంకేం అడగను."

నా చేతిసంచి నా ఒళ్ళోనే ఉంది. నేను అక్క వైపు చూశాను. చెప్పెయ్యవే, సొంత చెల్లెల్ని పంపేసిన మనిషికి ఈ ఒక్కటీ చెప్పెయ్యవే అని కళ్ళతోనే బతిమాలాను. అయినా అక్క గొంతు, ఎవరిదీ కాని తన సొంత గొంతు, నిలకడగా వచ్చింది.

"ఉన్నారనీ చెప్పం, లేరనీ చెప్పమండి. ఎవరి గురించైనా ఇంతే."

డాక్టరమ్మ తలూపింది. చాలాసేపు ఊపుతూనే ఉంది. "అంతే. అదే చెప్పాలి" అని, కూర్చుని, చల్లారిపోయిన టీ తాగింది. వచ్చే గురువారం కూడా తనే కూర్చుంటానంది.

ఆ రాత్రి తలుపు పక్కన సంచి ఉండదని నాకు తెలుసు. సోమవారం బేకరీలో ఎవరి పుట్టినరోజు పేరో కేకు మీద వంకరగా దిగుతుందనీ తెలుసు. లోపలి అరలో కాగితం చుట్టిన పన్ను ఉందనీ తెలుసు. కడుపులో మాట దాగని మనిషిని నేను. సంచిని రెండు చేతులా గట్టిగా పట్టుకుని, ఆవిడ టీ పూర్తయ్యేదాకా నోరు మూసుకుని కూర్చున్నాను.